రెండు రెక్కల తేనెటీగ

అరవైలలో నేను వికారాబాద్‌లో సైన్సు టీచరుగా ఉన్నప్పుడు, మా బడికి హైదరాబాదు నుంచి ఒక అద్దాల పెట్టె వచ్చింది. లోపల సూదులకు గుచ్చిన పురుగులు. పసుపు, నలుపు పట్టీలున్న ఒకదాని కింద అచ్చు చీటీ: ‘తేనెటీగ, దక్షిణ అమెరికా’. నమ్మేశాను. తాండూరులో పప్పుల దుకాణంలో పెరిగినవాణ్ణి; కందిపప్పులో కలిసిన నాసిరకాన్ని అరచేతిలో పోసుకొని పట్టేసేవాణ్ణి. అచ్చు చీటీ కనబడేసరికి ఆ కళ్లు ఎటు పోయాయో!

చీటీలోని తప్పు పట్టింది ధారూర్ నుంచి రైల్లో వచ్చే పదో తరగతి అమ్మాయి.

"సార్, గిది ఈగ. రెక్కలు రెండే ఉన్నయి జూడుండ్రి."

భూతద్దం పెట్టాను. రెండే; తేనెటీగకైతే నాలుగుండాలి. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి బుడిపెలు. పొట్టి మీసాలు. రెక్క నడుమ దేనితోనూ కలవకుండా పోయే ఒక దొంగ ఈనె. పూల దగ్గర గాలిలో కదలకుండా నిలబడే ఈగలకు అదే గుర్తని నా పాత పుస్తకంలో ఉంది. పొట్ట మీది పసుపు మచ్చలను అందులోని బొమ్మలతో పోల్చి, అది వాటిలో ఏ రకమో కూడా వారం రోజుల్లో తేల్చింది ఆ పిల్ల. చీటీ మార్చమని పైవాళ్లకు రాశాను. జవాబు లేదు.

ప్రాక్టికల్ పరీక్షలో ఆ పురుగునే ఇచ్చారు. ‘ఈగ’ అని రాసి, రెండు రెక్కలతో బొమ్మ వేసింది. పైనుంచి వచ్చిన ఎగ్జామినర్ సున్నా చుట్టాడు. దాంతో ఆమె తప్పినట్టే; తప్పితే చదువు బంద్ అని తండ్రి ముందే చెప్పి ఉన్నాడు.

భూతద్దం ఆయన ముందు పెట్టాను. "మీరే లెక్కవెట్టుండ్రి సార్. కల్తీ నాకెరుకే, పప్పుల దుకాణంల పెరిగిన."

ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు. "అయితే పప్పులే అమ్ముకోకపోయిండ్రా? చీటీ అచ్చేసినోళ్లకంటే ఎక్కువ తెలుసా మీకు?"

నేనెంత అరిచినా ఆయన చూపు గడియారం మీదే. చివరకు, "బండి టైమైతుంది. కొట్టేసి తేనెటీగని రాయమనుండ్రి, పాస్ జేస్త," అన్నాడు.

నాలోని దుకాణదారు చటుక్కున లేచి కూర్చున్నాడు. మొదటి మాటకే ఒప్పుకుంటే చులకనని, సిగ్గులేకుండా ఇంకో రెండు మార్కులు అడిగాను. ఇచ్చాడు. గెలిచినవాడిలా ఆమెను పిలిచి, ‘తేనెటీగ’ అని దిద్దమన్నాను.

"ఈగనే గద సార్?"

"ఈగనే బిడ్డా. అయినా ఆయన జెప్పినట్లే రాసెయ్."

పేరు కొట్టేసి దిద్దింది. బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. "రెక్కలెన్ని గీయాలె సార్?"

"నాలుగు," అన్నాను.

గీసింది. పాసైంది. పై చదువుకూ పోయింది. ఆ ఎగ్జామినర్ మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. నా మీద అంతకంటే ఒక సేరు ఎక్కువే.