పుట్టిలో రాజుగారి కొడుకు

హాస్టల్లో నా గదిలో ఇద్దరు విదేశీయులుండేవారు. ఒకడిది కెన్యా, ఇంకొకడిది మలయా. అరవైల దశకం మొదట్లో అట్లా బయటి దేశాల నుంచి హైదరాబాదుకు చదువుకోవడానికి కొందరు వస్తుండేవారు. వ్యవసాయం చదివే కెన్యావాడు మా గది గుమ్మం దాటాలంటే నడుం వంచాల్సిందే. మలయావాడు పొట్టి, సముద్రం ఒడ్డున రేవు పట్నంలో పుట్టినవాడు, తక్కువ మాట్లాడి ఎక్కువ నవ్వేవాడు. నేనేమో నారాయణపేటలో మగ్గం గుంట పక్కన పాకుతూ పెరిగినవాణ్ని.

దసరా సెలవులకు మెస్ మూసేశారు. వాళ్లిద్దరూ ఇంటికి పోవాలంటే వారాల తరబడి ఓడలో కూర్చోవాలి. నాకు జాలేసింది. "కృష్ణానది చూపిస్తాను, రండి. నీళ్ల మీద పుట్టిలో తిప్పుతాను" అన్నాను.

"నీకు ఈత వచ్చా?" అని అడిగాడు మలయావాడు.

"కృష్ణ మా జిల్లాలోంచే వస్తుంది" అన్నాను. అది నిజమే. కానీ మా ఊళ్లో నీళ్లంటే బావిలోంచి చేదతో తోడుకునేవే. నేను మోకాళ్లు దాటిన నీళ్లలో ఏనాడూ దిగలేదు.

కెన్యావాడి గురించి ఒక సంగతి చెప్పాలి. మూడేళ్లుగా సాయంత్రం పూట మెస్సులో వంటమనిషి పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోసేవాడు. ఆ వంటమనిషిది పాలమూరు. దాంతో మా కెన్యావాడికి పాలమూరు తెలుగు, తిట్లతో సహా, నాకంటే బాగా వచ్చింది. కానీ ముఖం చూస్తే ఎవరికీ అనుమానం రాదు. నకిరేకల్లులో బస్సు మారడానికి దిగినప్పుడు చుట్టూ జనం మూగారు. "గీయన అన్నమే తింటడా, ఇంకేమన్న తింటడా?" అని ఒకాయన, "ఏం తింటె గంత పొడుగయితరో అడుగరాదే" అని ఇంకొకామె. మావాడు కొయ్యబొమ్మలా నిలబడి అంతా విన్నాడు. బస్సు కదిలాక కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఈ ప్రయాణమంతా తనకు తెలుగు రానట్టే ఉంటానని అక్కడే ప్రకటించాడు.

నందికొండలో ఆనకట్ట పని జోరుగా సాగుతున్న రోజులవి. మాకు వరసకు చిన్నాయన అయ్యే ఆయన అక్కడి కూలీల బస్తీల్లో చీరల మూట మోసుకుని అమ్మేవాడు. ఆయన రేకుల షెడ్డులో పడుకుని, మర్నాడు పొద్దున్నే నది వెంట పైకి నడిచాం. కొండల మధ్య నాలుగైదు గుడిసెలున్న చేపలవాళ్ల పల్లె వచ్చింది. ఒడ్డున ఒక అవ్వ గోచీ పోసి చీర కట్టుకుని, నోట్లో చుట్టతో, బోర్లించిన పుట్టికి తారు పూస్తోంది. గుండ్రటి పెద్ద వెదురుబుట్టకు తోలు తొడిగితే ఎట్లా ఉంటుందో, పుట్టి అట్లా ఉంటుంది.

"మమ్మల్ని అవతలి ఒడ్డుకు తీసుకపోతవా అవ్వా?" అని అడిగాను.

ఆమె చుట్ట తీసి మావాణ్ని కిందినుంచి పైదాకా చూసింది. "గింత పొడుగాయన ఎక్కితె పుట్టి ఒరుగుతది. ఎవలు బిడ్డా గీయన?"

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు జారింది. "వాళ్ల దేశపు రాజుగారి కొడుకు" అన్నాను.

"అయ్యో, ముందుగాల చెప్పద్దా!" అంటూ అవ్వ లేచి చేతులు కడుక్కుంది. గుడిసెలోంచి కొత్త గొంగడి తెచ్చి రాయి మీద పరిచి మావాణ్ని కూర్చోబెట్టింది. "మరి గీ పొట్టాయన?"

"మంత్రి."

"మరి నువ్వో?"

నాకేం పదవి తీసుకుందామా అని ఆలోచిస్తున్నాను. అవ్వకు అంత ఓపిక లేదు. "నువ్వు పనోనివేనా? పో బిడ్డా, పుల్లలు ఏరుకరా. రాజుగారి కొడుకు ఉపాసం పోతడా ఏంది!"

మావాడికి అంతా అర్థమైంది. అయినా కనుబొమ్మ కదపకుండా, ఇంగ్లీషులో నన్నడిగాడు, "ఆమె ఏమంటోంది?"

"నువ్వు అందంగా ఉన్నావంటోంది."

"అట్లాగా! అయితే పనివాడా, నా బూట్లు తుడువు."

పుల్లలు నేనే ఏరాను. చేపల పొలుసు నేనే గీకాను. మంట ఊదింది నేనే. మంత్రిగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నది చూస్తూ కూర్చున్నారు. పులుసు ఉడికాక అవ్వ బొచ్చె చేప తలకాయ రాజుగారి కొడుక్కి, నడిమి ముక్కలు మంత్రికి వేసి, తోక నా వైపు తోసింది. జొన్నరొట్టె మాత్రం అందరికీ సమానంగా ఇచ్చింది.

"ఇంకో ముక్క కావాలని చెప్పు" అన్నాడు మావాడు ఇంగ్లీషులో.

"ఆయనకు కడుపు నిండిందట అవ్వా" అన్నాను.

అవ్వ అతని ముఖంలోకి చూసింది. "ముఖం చూస్తె గట్ల కనబడ్తలేదు బిడ్డా" అని ఇంకో రెండు ముక్కలు వేసింది. మావాడు దగ్గినట్టు నటించి నవ్వు మింగాడు. వాడికిక రాజ్యం రుచి తెలిసింది. ఎండ తగులుతోందని నా తువ్వాలు తీసుకున్నాడు. పుట్టి ఎక్కేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా, ఊరేగింపు ఏనుగులా ఎక్కాడు.

అవ్వ ఒక తెడ్డు వేస్తోంది, రెండోది నా చేతికిచ్చింది. వానలు పోయి నీళ్లు కొంచెం తగ్గినా, నడిమధ్యలో వడి ఉంది. నేను తెడ్డు వేసిన ప్రతిసారీ పుట్టి ముందుకు పోకుండా చుట్టూ తిరుగుతోంది. "నువ్వేం పనోనివిరా, పప్పు కలుపుతున్నవా?" అని అవ్వ కసురుకుంది. నేను రోషంతో బలంగా తోశాను. తెడ్డు నీళ్లలోని బండల సందులో ఇరుక్కుంది. దాన్ని లాగబోతే పుట్టి వెళ్లి అదే బండకు కొట్టుకుంది. ఆ దెబ్బకు అవ్వ చేతిలోని తెడ్డు ఫట్‌మని విరిగింది. నాది బండల మధ్యే ఉండిపోయింది. మేము మాత్రం బొంగరంలా తిరుగుతూ కిందికి కొట్టుకుపోతున్నాం.

నేను కళ్లు మూసుకుని పుట్టి అంచు పట్టుకున్నాను. అవ్వ విరిగిన తెడ్డు చూసి లేచి నిలబడబోయింది.

"అవ్వా! కూసో! లేస్తె అందరం మునుగుతం, నిమ్మళంగ కూసో!"

ఆ గొంతు నాది కాదు, రాజుగారి కొడుకుది. అవ్వ నోరు తెరుచుకుని ఉన్నచోటనే కూలబడింది. చుట్ట జారి నీళ్లలో పడింది. అంతలో మలయావాడు ఏమీ అనకుండా చొక్కా విప్పి, పుట్టికి కట్టిన తాడు కొస నడుముకు చుట్టుకుని నీళ్లలోకి దూకాడు. రేవులో పెరిగినవాడు కదా, చేపలా ఈది పోయి ముందున్న పెద్ద బండ అందుకున్నాడు. తాడు దానికి చుట్టి లాగుతుంటే, కెన్యావాడు ఇటునుంచి చేతులతోనే నీళ్లు తోశాడు. నేను వాంతి చేసుకున్నాను. నా వంతు అంతే.

నది మధ్య నలుగురం బండ మీద కూర్చున్నాం. తర్వాత అవ్వ నా వైపు తిరగకుండా కెన్యావాణ్ని అడిగింది: "బిడ్డా, నిజం చెప్పు. నువ్వు రాజు కొడుకువేనా?"

"కాదవ్వా" అన్నాడు తలవంచుకుని. "మా నాయిన ఊరోళ్ల మేకలు కాస్తడు. మా ఇంట్ల ఏడుగురం. గీయన అబద్ధం చెప్పిండు, నేను కుక్కిన పేనులెక్క ఊకున్న. తప్పయింది."

కొడుతుందేమో అనుకున్నాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని భయపడి దగ్గరికి జరిగాను. నవ్వుతోంది. "మేకలు కాసెటోని కొడుక్కు బొచ్చె తలకాయ పెట్టిన! నా మొగనికి గూడ పెట్టలే గట్ల!"

మధ్యాహ్నం తిరిగాక ఆమె అల్లుడు ఇంకో పుట్టి వేసుకుని వచ్చి మమ్మల్ని మళ్లీ పల్లె ఒడ్డుకే చేర్చాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం. అవ్వ అట్లా అనుకోలేదు. ఒడ్డున దిగీ దిగగానే గొంతెత్తింది: "ఓ పిల్లా, ఓ అక్కా! దూరదేశం రాజు కొడుకొచ్చిండు! మన మాట మంచిగ ఒస్తది! ఏమన్న పంచాయితి ఉంటె తెచ్చుకోండ్రి!"

"అవ్వా, వద్దే" అన్నాడు మావాడు.

"రాజ్యం చేస్తనని ఒచ్చినవుగా. చెయ్యి" అంది అవ్వ, నులకమంచం లాగి.

ఇద్దరు ఆడవాళ్లు నిజంగానే పంచాయితీతో వచ్చారు. ఒక నల్లకోడి. అది నాదంటే నాదని నెల రోజులుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. గుడ్లు కూడా కనబడకుండా పోతున్నాయట. మావాడికి చెమటలు పట్టాయి. "మంత్రీ, సలహా చెప్పు" అన్నాడు. మలయావాడు నవ్వి మంచం కోడు వెనక్కి తప్పుకున్నాడు.

చివరికి మావాడు గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు: "కోడిని నడుమ ఇడువుండ్రి. ఎవరింటికి పోతె గా ఇంటోళ్లదే కోడి. ఎవరూ పిలువద్దు."

పల్లె మొత్తం ఊపిరి బిగబట్టింది. కోడి నింపాదిగా నాలుగడుగులు వేసింది. ఎడమవైపు గుడిసె దిక్కు చూసింది, పోలేదు. కుడివైపు గుడిసె ముందు ఒక గింజ ఏరుకుంది, ఆగలేదు. తిన్నగా నడిచి, తలుపు తీసున్న అవ్వ గుడిసెలోకి పోయి, మూలనున్న పాత గంపలో సర్దుకుని కూర్చుంది. ఆ గంపలో గడ్డి కూడా పరిచి ఉంది.

ఇద్దరు ఆడవాళ్లూ నెల తర్వాత మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత కలిసి అవ్వ వైపు తిరిగారు.

"మేత ఏడ ఉంటె గాడికి పోతది కోడి! నన్నేం జెయ్యమంటరు!" అంటూ అవ్వ వెనక్కి వెనక్కి నడిచింది. "గీ పోరలకు తెలుగెవడు నేర్పిండు, నా ప్రాణానికి!"

మిగతా విచారణకు మేము ఆగలేదు. రాజు, మంత్రి, పనివాడు ముగ్గురం ఒకేసారి గట్టెక్కి రోడ్డు వైపు పరుగెత్తాం. కంకర లారీ ఒకటి మా కేకలకు ఆగింది. కంకర మీద కూర్చుని వెనక్కి చూస్తే, కింద ఒడ్డున అవ్వను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ చేతులు తిప్పుతున్నారు. లారీ మలుపు తిరిగేదాకా ముగ్గురి గొంతులూ వినిపించాయి. మొదట అరుపులు. ఆ తర్వాత, గాలి ఇటు తిరిగినప్పుడు, నవ్వులు.