ఆ ప్లగ్గు తియ్యకండి

నిన్న పొద్దున బందరు బస్టాండ్‌లో గుడివాడ బస్సు ఎక్కబోతుంటే అమ్మ ఫోన్.

"మన ఎలీషా ఇక లేడే. నిద్రలోనే..."

కండక్టర్ "ఎక్కమ్మా, ఎక్కు" అంటున్నాడు. రానని చెయ్యి ఊపాను. బస్సు వెళ్ళిపోయింది. నేనక్కడే ఉన్నాను.

ఎలీషా బావ మా మేనత్త కొడుకు. వాళ్ళది నాగాయలంక. ముప్పై ఐదు కూడా నిండలేదు.

తెలియనివాళ్ళకి చెబుతాను. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతే పసిగట్టే సిస్టం ఒకటి పెట్టాడు బావ. చెరువుల్లో సెన్సార్లు. ఇంట్లో ముందుగదిలో, అత్త కుట్టుమిషన్ కింద, ఓ చిన్న కంప్యూటర్. ఆక్సిజన్ తగ్గగానే అది ఫోన్ చేస్తుంది. వెంటనే నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వెయ్యాలి. ఆలస్యమైతే రొయ్యలన్నీ తేలిపోతాయి. వాటితో పాటే ఓ కుటుంబం కూడా మునుగుతుంది.

మొదట్లో ఫోన్ నేరుగా రైతులకే వెళ్ళేది. సెన్సార్‌కి నాచు పట్టినా మోగేది. ఒకరోజు నాంచారయ్య మావయ్య ఇంటిమీదకొచ్చేశాడు.

"ఒరే ఎలీషా, నీ డబ్బా ఇలా అరిస్తే రొయ్యలు బతుకుతాయేమో గానీ నేను పోతాన్రా!"

బావ పగలబడి నవ్వాడు. నంబరు మార్చేశాడు. అప్పట్నించీ అలర్టులన్నీ ముందు తనకే. నిజమో కాదో చూసి, ఆ తర్వాత రైతుకి చేసేవాడు.

అన్ని చెరువులకీ ఒక్క ఫోన్. ఒక్క మనిషి.

నేనెక్కిన నాగాయలంక బస్సు చల్లపల్లి దాటేసరికి మబ్బు కమ్మేసింది. మబ్బు పట్టిన రోజు చెరువులో ఆక్సిజన్ తొందరగా పడిపోతుందని బావే చెప్పేవాడు. ఆ మాట గుర్తొచ్చింది.

అప్పటిదాకా ఏడుస్తున్నాను. అక్కడ్నించి భయం మొదలైంది.

నేను వెళ్ళేసరికి ఫ్రీజర్ బాక్స్ దించుతున్నారు. కరెంటు పోయినా ఆగకూడదని ఇన్వర్టర్ ప్లగ్గు వెతుకుతున్నారు. ఒకాయన కుట్టుమిషన్ కింద చెయ్యి పెట్టాడు.

"ఆ ప్లగ్గు తియ్యకండి!"

నా గొంతేనా అనిపించింది. ఇల్లంతా నావైపు తిరిగింది. "పిల్ల తట్టుకోలేకపోతోంది, కాసిని నీళ్ళివ్వండర్రా" అందొక పెద్దావిడ.

అక్కడ చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

బావ ప్రోగ్రాం ఒక కంటైనర్‌లో నడుస్తుంది. అంటే ఎక్కడికైనా ఎత్తుకెళ్ళి పెట్టుకునే డబ్బా అనుకోండి. పాస్‌వర్డ్‌లు, ఫోన్ నంబర్లు మాత్రం ఆ డబ్బాలో కట్టిపెట్టరు. స్టార్ట్ చేసేటప్పుడు దాని చెవిలో చెబుతారు. వాటినే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు.

ఈ విషయంలో బావకి మహా పట్టింపు. నా కోడ్‌లో ఒకసారి పాస్‌వర్డ్ కనబడితే, "ఏమే, ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికే తగిలిస్తావా?" అని వారం రోజులు ఏడిపించాడు. తను మాత్రం ఏ ఫైల్లోనూ రాసేవాడు కాదు. అన్నీ చేత్తో టైప్ చేసేవాడు. ఆ టైప్ చేసింది కూడా కంప్యూటర్ హిస్టరీలో పడకుండా జాగ్రత్తపడేవాడు. పైగా, ఆగిపోతే కంటైనర్ తనంతట తానే చెరిగిపోయేలా పెట్టాడు. శుభ్రం పిచ్చి.

"ఎక్కడైనా రాసిపెట్టు బావా."

"రాస్తాలేవే. నేనెక్కడికి పోతాను?"

ఇప్పుడా పాస్‌వర్డ్‌లూ నంబర్లూ రెండే చోట్ల ఉన్నాయి. ఒకటి బావ తలలో. రెండోది, ఇంకా నడుస్తున్న ఆ కంటైనర్‌లో.

ఆ ప్లగ్గు తీస్తే రెండూ పోయినట్టే.

ఎవరో పక్కింటి నుంచి బాక్స్‌కి వైరు లాగారు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు.

మధ్యలో బావ ఫోన్ మోగింది.

అది అత్త ఒళ్ళో ఉంది. ఎత్తింది. రికార్డు చేసిన ఆడగొంతు, గదంతా వినబడేంత గట్టిగా: "నాలుగో చెరువు. ఆక్సిజన్ తక్కువగా ఉంది."

"వాడు లేడమ్మా" అంది అత్త, మెల్లగా, ఆ మిషన్‌తో. "పడుకున్నాడు."

ప్రార్థన ఆగిపోయింది.

నాలుగో చెరువు నాంచారయ్య మావయ్యది. గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, పూలదండతో. "మావయ్యా, మీదే!" అన్నాను. దండ నా చేతిలో పెట్టి బండి తీశాడు.

మరి ఆయన ఇక్కడ లేకపోయుంటే? మిగతా చెరువుల సంగతో?

బాక్స్ పక్కనే నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచి, బావ ఎప్పుడో ఇచ్చిన లాగిన్‌తో ఆ చిన్న కంప్యూటర్‌లోకి వెళ్ళాను. నడుస్తున్న కంటైనర్‌ని అడిగితే తనలో ఉన్నవి చెబుతుంది. ఒక్క కమాండ్. సెన్సార్ల కీ వచ్చింది. కాల్స్ పంపే పాస్‌వర్డ్ వచ్చింది. అడుగున ALERT_TO, దాని ఎదురుగా బావ నంబరు.

అన్నీ ఒక ఫైల్లోకి తీసి తాళం వేశాను. బావ నంబరు చోట నాది పెట్టాను.

కానీ నడుస్తుండగా నంబరు మారదు. ఆపి, ఈ ఫైలుతో మళ్ళీ స్టార్ట్ చెయ్యాలి. ఆపితే బావ టైప్ చేసిన ఆ కంటైనర్ ఇక ఉండదు. నేను ఒక్క అక్షరం తప్పుగా ఎక్కించినా తిరిగి అడగడానికి ఎవరూ లేరు.

మళ్ళీ చూశాను. మళ్ళీ చూశాను.

ఎంటర్ కొట్టాను.

స్క్రీన్ ఖాళీ. ఫ్రీజర్ బాక్స్ హోరు తప్ప ఏమీ వినబడలేదు.

తర్వాత ఫోన్ మోగింది. నా చేతిలో. నాలుగో చెరువే, ఇంకా తక్కువే.

అత్త ఉలిక్కిపడి ఒళ్ళోకి చూసుకుంది. బావ ఫోన్ మోగడం లేదు.

పొద్దుటి నుంచి కన్నీటిచుక్క రాల్చని మనిషి, అప్పుడు ఏడ్చింది.

కాసేపటికి నాంచారయ్య మావయ్య ఫోన్ చేశాడు. వెనక ఏరేటర్ల చప్పుడు. "తిరుగుతున్నయ్యమ్మా" అన్నాడు.

ఈ మధ్యాహ్నం భూస్థాపన అయిపోయింది. ఆకాశం మళ్ళీ నల్లబడుతోంది. ఫోన్ చేతిలోంచి కింద పెట్టలేకపోతున్నాను. నిద్రపడితే వినబడదేమోనని భయం. మోగకపోతే, ఏదో తప్పు రాశానేమోనని భయం.

ఇన్నాళ్ళూ ఈ భయం పక్కలో పెట్టుకుని అలా ఎలా నవ్వావు బావా?

మీలో ఎవరి చేతిలోనైనా ఇలాంటిది ఉంటే, దయచేసి ఇంకొక్కరికైనా తెలియనివ్వండి.

బావా, నీ నంబరు తీసేశాను. ఇంక నిన్నెవరూ లేపరు.

హాయిగా పడుకో.