పై పలకలు తీసిన ఖుర్షిదా

సింగరాయకొండ దగ్గర రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. సంచి నిండా పరికరాలు, ఒంటి నిండా డిగ్రీ గర్వం. ఆ గర్వం దించిన మనిషి ఖుర్షిదా. చినగంజాం ఉప్పు మళ్ళలో పెరిగి, యాభై దాటాక రొయ్యల చెరువు కాపలాకు వచ్చింది. బడి ముఖం చూడలేదు.

ఆ చెరువు నడిపేది రామాంజనేయులు అనే రైతు. దర్శిలో వరసగా రెండేళ్ళు మిర్చి పంట పోయి, ఆఖరి ఆశగా కౌలుకు తీసుకున్నాడు. పది రోజుల్లో రొయ్యలు పడతారనగా తుఫాను వాన కురిసింది. తెల్లారేసరికి చెరువు గట్టు దాకా నిండింది. నేను ఒడ్డునే మగ్గుతో నీళ్ళు ముంచి, "ఉప్పంతా పోయిందండీ, మంచినీళ్ళే" అని తేల్చేశాను.

రామాంజనేయులు తూము వైపు పరిగెత్తాడు. చేలో నీరు నిలిస్తే అడుగు నుంచి తీసేయడమే ఆయనకు తెలుసు. తూము అడుగున ఉన్న గొట్టం మూత తీయబోయాడు.

"ఆగయ్యా! అడుగు తీస్తే రొయ్యలకు మిగిలిన ఉప్పూ పోద్ది!" అని అరిచింది ఖుర్షిదా. నా వైపు తిరిగి, "నీళ్ళల్లోకి దిగి చూడండి సారూ" అంది.

దిగాను. తొడల దగ్గర చల్లగా ఉంది, పాదాల దగ్గర వెచ్చగా ఉంది. ఆమె రాయి కట్టిన సీసాను అడుగుకు దించి, అక్కడ బిరడా లాగి, ఆ నీళ్ళు నా చేతిలో పోసింది. నోట్లో వేసుకుంటే ఒట్టి ఉప్పు.

చల్లటి నీరు కిందికి దిగాలి. కానీ ఉప్పు నీటి బరువు ముందు ఆ చల్లదనం ఏ మూలకు? వాన నీరు పైనే మూతలా నిలిచింది. గాలి కిందికి దిగక అడుగున రొయ్యలకు ఊపిరాడదు. నదుల నీళ్ళు వచ్చి పడితే బంగాళాఖాతం కూడా ఇలాగే పొరలుగా నిలుస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. వాన పడినప్పుడల్లా ఉప్పు మళ్ళలో పైనీరు జార్చేసిన ఖుర్షిదా కాళ్ళకే ఆ సంగతి తెలుసు. నాకు సిగ్గేసింది.

తూముకు అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చిన పలకల్లో పైవి రెండే తీసిందామె. వాన నీరు పల్చగా జారిపోయింది. ఆ తర్వాతే, "ఇప్పుడు ఏరియేటర్లు తిప్పండి" అంది.

"ముందే తిప్పితే ఏమయ్యేది ఖుర్షిదమ్మా?" అన్నాడు రామాంజనేయులు.

"అన్ని మంచినీళ్ళు ఒక్కసారే మీద పడితే రొయ్యలు బెదిరిపోవా అయ్యా?"

నీళ్ళను చిలికే ఏరియేటర్ల చక్రాలు తిరిగేకొద్దీ మిగిలిన నీళ్ళు కలిసి, గాలి అడుగుకు దిగింది. మధ్యాహ్నం ఖుర్షిదా రొయ్యలు మేతకు చేరే తట్టను నీళ్ళలోంచి పైకెత్తింది. రొయ్యలు చిటపటా ఎగిరిపడ్డాయి. రామాంజనేయులు ఆ తట్ట గుండెలకు హత్తుకుని గట్టు మీదే కూలబడి ఏడ్చేశాడు.

"ఏడుద్దురుగాని" అంది ఖుర్షిదా, "ముందు వాటిని నీళ్ళల్లో వదలండి."