దమ్ము చేసొచ్చిన ట్రాక్టరు

పద్మారావు నగర్‌లో మా పై వాటా బాబాయ్‌ది శ్రీకాకుళం వైపు. అరచేతిలో ఇమిడే ట్రాక్టరు బొమ్మలు కొని, వాటిని అచ్చం నిజం బండ్లలా తయారుచేయడం ఆయన పిచ్చి. కొత్త బొమ్మను ఎదురుగా పెట్టుకుని, ముందు దాన్నే అడిగేవాడు: "నిన్న ఏ పనికెళ్లొచ్చావే?" జవాబు తోచాకే కుంచె పట్టేవాడు.

ఆసారి బొమ్మ, నాట్లకు ముందు నీళ్లు పెట్టిన వరి మడిని బురదగా కలియదున్ని, దమ్ము చేసొచ్చానందట. బంపరుకు పసుపురంగు పూసను నిమ్మకాయలా కట్టాడు, సీటు మీద గోనె ముక్క మడతపెట్టాడు, చక్రాల నిండా బురద పట్టించాడు.

పిన్నికి ఇవన్నీ పిల్లలాటలు. ఏనాడూ వాటివంక చూసింది లేదు.

ఆ ఆదివారం నేనక్కడే ఉన్నాను. పిన్ని తడిగుడ్డతో వంటింట్లోంచి వచ్చి, "అన్నం తినే బల్ల మీద ఈ బురదేటండీ!" అంటూ ట్రాక్టరు చక్రం పట్టుకుని రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది.

బాబాయ్ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తేశాడు. "పోదే! అది రంగు! పొలాల్లో పెరిగినదానివి, నువ్వే నమ్మేశావు!"

పిన్ని బొమ్మను కళ్లదాకా ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"అన్నీ పెట్టారు గానీ, డ్రైవరు తువ్వాలు ఏదండీ?" అంది.

చేతిలోని గుడ్డ అంచు చింపి, తనే స్టీరింగుకు కట్టింది.