పిట్టగోడ లేని మిద్దె

మైదుకూరులో మా ప్రార్థన మందిరం హాలు ఎండాకాలం పొయ్యిలా కాగుతుంది. అందుకని శుక్రవారం సాయంత్రాల బైబిలు తరగతి మిద్దెమీద పెడతారు. ఆ మిద్దెకు పిట్టగోడ లేదు. పై అంతస్తు వేసేటప్పుడు కడదామని వదిలేశారు. కింద వాకిలంతా కడప బండలు.

ఆ వారం పాఠం ద్వితీయోపదేశకాండం. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకుంటే పడి చచ్చినవాడి నెత్తురు ఆ ఇంటిమీదికి వస్తుందనే మాట. పాస్టరుగారు గొంతు సవరించుకుని, పిట్టగోడ అంటే ప్రార్థన, కుటుంబం చుట్టూ దాన్ని కట్టుకోవాలి అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు.

"పిట్టగోడంటే పిట్టగోడే అయ్యగారూ. ఆ బైబిలు దేశంలోనూ మన మాదిరి మిద్దెలే. మనం మిరపకాయలు ఎండబోసినట్టు వాళ్లు జనుపకట్టెలు ఆరబోసినారు. జనం పడి సస్తారనే ఆ ఆజ్ఞ. మనం యాడ కూర్చోని చదువుతాండామో సూడండి."

"నీకు అక్షరమే కనపడతాది తల్లీ, ఆత్మ కనపడదు. పేతురు కూడా మిద్దెమీదే ప్రార్థన చేసినాడు."

"ఆ మిద్దెకు గోడ ఉండింటాది."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు. నా చూపంతా అంచున పరిచిన చాపమీదే ఉంది. దానిమీద మా వీధి ముసలమ్మ. రెండు కళ్లకూ శుక్లాలు. అత్తా అని పిలుస్తాను. గాలి తగులుతుందని ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. వాళ్లది పాత మట్టిమిద్దె, చుట్టూ గోడ ఉంది. బతుకంతా సాయంత్రం పూట ఆ గోడకు వీపు ఆనించి కూర్చున్న మనిషి.

పాట మొదలైంది. అందరూ కళ్లు మూసుకున్నారు. చప్పట్లు కొడుతూ అత్త మెల్లగా వెనక్కి వాలింది, గోడ ఉందనుకుని. ఒక్క ఉదుటున రెక్క పట్టి గుంజాను.

"ఏమ్మే, రెక్క ఊడదీస్తావా? ప్రార్థనలో ఏం పని ఇది?"

"ఎనకాల గోడ లేదత్తా!"

"దేవుడుండాడులే."

పాట ఆగలేదు. ఎవరూ కళ్లు తెరవలేదు.

మరుసటి శుక్రవారానికి ఇటుకలు రాలేదు, కొత్త మైకు వచ్చింది. చాప మళ్లీ అంచునే ఉంది. లాగి మధ్యలో వేస్తే, "ఈడ గాలి ఆడదు" అంటూ అత్త మళ్లీ అక్కడికే జరుపుకుంది. ఆమెకూ అంచుకూ నడుమ మిగిలిన చోటులో ఇరుక్కుని కూర్చున్నాను. ఆమె వీపు నా మోకాళ్లకు తగిలింది. గోడ దొరికినట్టు బరువంతా వదిలేసింది.

నా వీపు వెనక గాలి తప్ప ఏమీ లేదు.

"అందరూ కళ్లు మూసుకోండి," అన్నారు పాస్టరుగారు మైకులో.