ఒక్క జత బ్రేకు డ్రమ్ములు

ఎలక్షన్లకు ముందు, ఊళ్లలో బాంబులు పడుతున్న రోజులవి. ప్రొద్దుటూరులో పులివెందుల బస్సెక్కి కూర్చున్నాను. ఒక మెకానిక్కు వచ్చి, కండక్టరు సాయంతో నా కాళ్ల దగ్గర గోనెసంచి దించి, పక్కన కూలబడ్డాడు.

"ఏందప్పా ఇంత బరువు?" అన్నాను.

"బ్రేకు డ్రమ్ములు మామా. బాంబులకు తట్టుకునేదానికి మా నాయకుని వ్యాన్లు రెండిటికీ ఇనప రేకులు కొట్టించినాం. ఆ బరువుకు బ్రేకులు పట్టల్యా. అదే కంపెనీ పెద్ద బండి డ్రమ్ములు ముందు చక్రాలకు సరిగ్గా కూచుంటాయి."

"రెండు వ్యాన్లకూ తెచ్చినావా?"

"ఒక్క జతే దొరికింది. అది ఆయప్ప బండికి. మనుషులెక్కే వెనక బండికి పాతవే. దాన్ని తోలేది మా తమ్ముడే."

"వానికి చెప్పినావా?"

"చెప్తే తోల్తాడా మామా?" అని వక్కాకు నములుతూ నవ్వాడు. నేను సంచికి ఆనిన కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

ఈ సంగతి ఎవరికి చెప్పినా, ముద్దనూరు దాటాక ఆ సంచిని కిటికీలోంచి విసిరేశానంటాను. విన్నవాళ్లు భేష్ అంటారు. అసలు ఆ సంచి కిటికీలో పట్టనే పట్టదు. పులివెందులలో అతను ఒక్కడే దించలేక అవస్థ పడుతుంటే, రెండో కొస పట్టింది నేనే. పైగా, "భద్రంగా తీసకపో అప్పా" అన్నాను.