జరీతో చుట్టిన రేడియో

ఆ రోజుల్లో మా కబ్బన్‌పేట నేతగాళ్ల సందులో రేడియో లేదని ఎవరూ బాధపడేవాళ్లు కాదు, ఉన్నా వినపడేది కాదు గనక. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఇంటింటా మగ్గం టకటకలాడుతూనే ఉండేది. అలాంటి సందులో పుట్టి, రేడియో తయారుచేయాలని పట్టుబట్టిన దాన్ని నేనొక్కదాన్నే. పీయూసీలో సైన్సు తీసుకున్నాను, పోయిన ఫ్యూజు వేయడం వచ్చు. అంతమాత్రానికే సందులో నాకు ‘కరెంటు పాప’ అని పేరు పెట్టేశారు. పేరు పెట్టాక నిలబెట్టుకోవాలి కదా!

కాలేజీ లైబ్రరీలో ఒక పత్రికలో బ్యాటరీ, కరెంటు లేకుండానే పలికే రేడియో బొమ్మ చూశాను. ఒక డయోడు, చెవిలో పెట్టుకునే ఫోను, అట్ట గొట్టం మీద చుట్టిన తీగ. ఇంతే! డయోడు, ఫోను కరెంటు సామాన్లమ్మే ఎస్పీ రోడ్డులో దొరికాయి. పైన పూత ఉన్న సన్నటి రాగి తీగ మాత్రం కిలోకి తక్కువైతే ఇవ్వనన్నాడు అంగడాయన. ముఖం వేలాడేసుకుని ఇంటికొస్తే, నాయన మగ్గం పక్కన నేతలో మిగిలిన జరీ కండె తళతళలాడుతూ కనిపించింది. జరీలో ఉండేది వెండి, వెండి రాగికన్నా బాగా కరెంటు మోస్తుందని మా పుస్తకంలో ఉంది. (ఆ పేజీలో మిగతా సగం నేను చదవలేదు.)

మా పనిలో ఒక పద్ధతి ఉంది. చిక్కపేట సావుకారు పట్టు, జరీ తూచి ఇస్తాడు. నేత అయ్యాక చీరనూ మిగిలిన జరీనీ కలిపి తూస్తే ఇచ్చినంత రావాలి. ఇరవై ఏళ్లలో నాయన తూకం ఒక్కసారీ తప్పలేదు, ఆయనకున్న ఆస్తల్లా అదే. ఆ సంగతి నాకూ తెలుసు గనక, ఒక్క పోగు తెంచకుండా చుట్టి, పని కాగానే విప్పి యథాప్రకారం పెట్టేద్దామనుకున్నాను. గొట్టం మీద జరీ జారిపోతుంటే కొవ్వొత్తి కరిగించి పోశాను. మిద్దె మీద బట్టలారేసే తీగకు ఒక కొస, కొళాయికి ఒక కొస కట్టి, ఫోను చెవిలో పెట్టుకున్నాను. ఒక్క ముక్క వినపడితే ఒట్టు! రెండు రోజులు చెవి నొప్పి పుట్టేదాకా విని, ఓడిపోయి, మైనం గోటితో గీకినంత గీకి జరీని మళ్లీ కండెకు చుట్టేశాను.

శనివారం చీర ఇవ్వడానికి వెళ్లిన నాయన తిరిగొచ్చి మగ్గంలో కూర్చోలేదు, గడప మీద కూలబడ్డాడు.

“తూకం జాస్తి వచ్చినాదంట అమ్మీ.”

తక్కువొస్తే దొంగ అంటారు. ఎక్కువొస్తే అంతకన్నా ఘోరం, అసలు జరీ దాచుకుని బరువైన నకిలీ జరీ కలిపాడంటారు.

“ఏం కలిపినావప్పా అని నన్ను అడిగినాడు. ఇరవై ఏండ్లకి! సోమవారం లోపల చెప్పకుంటే పని ఇంకొకరికి ఇస్తాడంట.”

ఆ ముఖం చూడలేకపోయాను. భోరున ఏడుస్తూ గొట్టం, డయోడు, కొవ్వొత్తి అన్నీ తెచ్చి ఆయన ముందర పెట్టి, జరిగిందంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“ఈ మాట నువ్వే వచ్చి సావుకారుకి చెప్పు,” అన్నాడు.

సోమవారం తక్కెడ ముందు నిలబడి, వెండి గురించి, మైనం గురించి నేను చేసిన ప్రసంగం లాంటిది మళ్లీ జన్మలో చేయలేదు. సావుకారు జరీని నలిపాడు, వాసన చూశాడు, నాయన వైపు తిరిగాడు.

“తప్పు నాదప్పా, నిన్ను ఆ మాట అడిగుండగూడదు,” అని, నన్ను చూశాడు. “అయితే పాపా, పాట వచ్చిందా?”

“రాలేదు.”

“రాలేదా? సుమ్నే, ఊరికే నా జరీకి మైనం పట్టించినావా!” అని పొట్ట కదిలేలా నవ్వాడు. “ఇది చీరకి పనికిరాదు. నువ్వే పెట్టుకో పో.”

ఇంటికొచ్చాక నాయన అడిగాడు, “ఎందుకు పలకలేదు అది?”

అప్పటికి ఆ పేజీలో మిగతా సగం చదివాను. “చుట్లు ఒకదానికొకటి తగలగూడదు నాయనా. రాగి తీగకైతే పూత ఉంటాది.”

“అంతేనా?” ఆయన జరీ పోగు పక్కన ఒక పట్టు పోగు చేర్చి, రెండూ కలిపి గొట్టానికి చుట్టడం మొదలుపెట్టాడు. జరీ, పట్టు, జరీ, పట్టు. ఏ రెండు జరీ చుట్లూ తగల్లేదు. “తగలగూడదంటే నడాన పట్టు పెట్టల్ల. ఇంత మాటకి నన్ను అడగగూడదా?” కొసలు మళ్లీ మిద్దె మీది తీగకూ కొళాయికీ కట్టాను.

ఫోను చెవిలో పెట్టుకున్నాను. ఎక్కడో సన్నగా, రాగి పైరుకు పట్టే పురుగు గురించి ఎవరో కన్నడంలో చెబుతున్నారు! ఫోను నాయన చెవిలో పెట్టాను. మగ్గాల చప్పుడులో ఆయనకేమీ వినపడలేదు. ఒక్క ఉదుటున వీధిలోకి వెళ్లి కేకేశాడు. “రవంత మగ్గాలు ఆపండప్పా! మా పాప రేడియో పలుకుతా ఉండాది!”

ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆగింది. సందంతా ఊపిరి బిగబట్టింది, నాయన కళ్లు మూసుకుని రాగి పురుగు గురించి ఆసాంతం విన్నాడు.

తర్వాత ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో రాగి తీగ కాయిళ్లు చుట్టించాను. ఇప్పుడా సందులో మగ్గాలు లేవు, ఎవరినీ ఆపమనే పని లేదు, నాయనా లేడు. ఆ గొట్టం మాత్రం నా బీరువాలో ఉంది. అది తీసి చూసినప్పుడల్లా, మూలన కూర్చుని దొంగచాటుగా మైనం గీకుతున్న ఆ పిల్ల కళ్లముందు కదులుతుంది. నవ్వొస్తుంది. పిచ్చిమొహమా, రెండడుగుల దూరంలో కూర్చున్న మనిషిని ఒక్క మాట అడిగుంటే పోయేది కదే!